దిష్టి తగలని పిల్ల

అద్దంకిలో హైస్కూలు మాస్టారు వేణుగోపాల్‌కి గర్వపడటానికి రెండున్నాయి. ఊరి బయట నాలుగెకరాల మిరపతోట, ఇంట్లో తొమ్మిదేళ్ల కూతురు శ్రీరమ్య. రెండూ ఘాటేనని ఆయనే చెబుతాడు. చెప్పి, ఎదుటివాళ్లు నవ్వేదాకా ఆగుతాడు.

పసితనంలో శ్రీరమ్య ఇంజెక్షన్‌కి ఏడవలేదు. "ధైర్యం," అన్నాడు తండ్రి. ఆరేళ్లప్పుడు తూనీగ రెక్కలు ఒక్కోటీ తీసి, ఎన్ని పోతే ఎగరడం మానేస్తుందో నోటుబుక్కులో రాసుకుంది. "డాక్టరు," అన్నాడు. తాత చెంచురామయ్య పోయిన రోజు ఇల్లంతా ఏడుస్తుంటే, తాత రేడియో ఇక ఎవరిదని అడిగింది. "ప్రాక్టికల్," అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ. పోయింది ఆయన తండ్రే.

తల్లి మల్లేశ్వరి అంత దూరం ఆలోచించదు. పిల్ల ఏదన్నా చేస్తే ముందు వీపు మీద ఒకటిస్తుంది, తర్వాత ఏడు ఎండుమిరపకాయలతో దిష్టి తీసి పొయ్యిలో వేస్తుంది. కొడితే శ్రీరమ్య ఏడవదు. "అయిపోయిందా అమ్మా?" అని అడిగి ఆడుకోవడానికి వెళ్తుంది.

రెండువేల మూడు ఫిబ్రవరిలో కాయ కల్లంలో ఎండుతోంది. తొడిమలు తీయడానికి వచ్చిన ఆడవాళ్లలో పెద్దది చాంద్‌బీ. పదిహేనేళ్లుగా వాళ్ల కల్లంలోనే పని. శ్రీరమ్యకి మొదటిసారి లాల పోసింది కూడా ఆమే. ఆ రోజు శ్రీరమ్య నెమ్మదిగా ఆమె దగ్గరికి నడిచి వెళ్లి చెప్పింది.

"మీ అమ్మాయి కాలవలో పడిందంట."

చాంద్‌బీ చెప్పులు కూడా వేసుకోకుండా పత్తి మోళ్లకి అడ్డంపడి పరిగెత్తింది. రెండుసార్లు పడింది. కూతురు ఇంట్లో కూర్చుని జామకాయ తింటోంది.

చాంద్‌బీ మోకాలికి గుడ్డ కట్టుకుని కుంటుతూ వెనక్కి వచ్చేసరికి మల్లేశ్వరి కూతురి జబ్బ పట్టుకుని ఉంది.

"ఎందుకు చెప్పావే?"

"ఏడుస్తుందా, పరిగెడుతుందా చూద్దామని. ముందు పరిగెత్తింది."

సాయంత్రం వేణుగోపాల్ సంగతంతా విన్నాడు. "చెప్పేటప్పుడు కన్ను కూడా ఆర్పలేదంటగా? రేపు ఇంటర్వ్యూలో దీన్నెవరూ తడబెట్టలేరు," అన్నాడు.

మల్లేశ్వరి దిష్టి తీసి కాయలు పొయ్యిలో వేసింది. ఘాటుకి వీధి చివర ఇస్త్రీ బండి ప్రేమదాసు కూడా దగ్గాడు. ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టు, వస్తే లేనట్టు. ఈ పిల్లకి తీసిన ప్రతిసారీ ఇలాగే వస్తోంది.

"అంటే దీనికి ఎవరి కళ్లూ తగల్లేదండీ," అంది మల్లేశ్వరి, పొయ్యి ముందు నుంచి లేవకుండా. "ఉన్నదేదో మన ఇంట్లోదే."

"మన కాయ ఘాటలాంటిది," అన్నాడు మాస్టారు.

ఈ పిల్లకి ఒక్కసారన్నా ఇంకొకళ్ల నొప్పి తెలియాలి, లేకపోతే పెద్దయ్యాక దీని పక్కన ఎవరుంటారు? మల్లేశ్వరికి ఆ భయం అప్పుడు పట్టుకుంది. మర్నాడు పొద్దున్నే చాంద్‌బీ ఇంటికి వెళ్లి క్షమించమంది.

"నిన్న ఇంటికెళ్లాక దాన్ని మళ్లీ వాయించానులే," అంది.

"కొడితే దానికేం తెలుసుద్ది మల్లేశ్వరమ్మా? దెబ్బలు దానికి అలవాటే. ఆదివారం నా పక్కన కూర్చోబెట్టు."

"తొడిమలు తీయడానికా? చేతులు మండుతాయే."

"నావి మండట్లేదా ఏంది?"

మల్లేశ్వరికి ఆ సంగతి పదిహేనేళ్లలో తట్టలేదు.

ఆదివారం శ్రీరమ్య కూర్చుంది. మధ్యాహ్నానికి వేళ్లు ఎర్రబడ్డాయి. ఎవరికీ చెప్పకుండా వాటినే చూసుకుంటోంది. చాంద్‌బీ ఆ చెయ్యి లాక్కుని, కొబ్బరినూనె ఒక్కో వేలికీ రాసి ఊదింది. తిట్టలేదు.

"నన్ను కొట్టవా?" అంది పిల్ల, లెక్క తప్పినట్టు.

"మండే చేతి మీద ఎవరన్నా కొడతారటే?"

శ్రీరమ్య ఆమె చేతుల వైపు చూసింది. "నీకూ మండుద్దా?"

"రోజూ."

"మరి చెప్పవేం?"

"నువ్వు అడగందే."

ఆ రోజు నుంచి మల్లేశ్వరి కొట్టడం మానేసింది. చెయ్యి లేచినప్పుడల్లా వెళ్లి బియ్యం ఏరేది. ఆ నెలలో ఇంట్లో బియ్యం అంత శుభ్రంగా ఎప్పుడూ లేవు. మాస్టారు మాత్రం కూతురు వ్యవసాయం నేర్చుకుంటోందని స్టాఫ్‌రూములో చెప్పుకున్నాడు.

మూడో ఆదివారం పని ఆపగానే శ్రీరమ్య నూనె సీసా తానే తీసింది. తన చేతులకి కాదు. చాంద్‌బీ చెయ్యి పట్టుకుని, పగిలిన ప్రతి వేలికీ వరసగా రాసి, ఊదింది.

కల్లం గట్టు మీద నుంచి మల్లేశ్వరి దిగి వచ్చింది. "ఎందుకు రాశావమ్మా?" అని మెల్లిగా అడిగింది.

"తన చేతులు పాడైతే వచ్చే ఆదివారం నాకెవరు రాస్తారు?"

ఆదివారం కాబట్టి కల్లంలోనే ఉన్న వేణుగోపాల్ పక్కనున్న కూలీలందరి వైపూ తిరిగాడు. "చూశారా, ప్లానింగ్."

చాంద్‌బీ నవ్వింది. "దాని సంగతి దానికుందిలే. నూనె మాత్రం బానే రాసింది."

తొమ్మిదేళ్లలో మొదటిసారి మల్లేశ్వరికి కూతుర్ని ఎవరికైనా చూపించాలనిపించింది. అది ఎందుకు రాసిందన్నది తర్వాత చూసుకోవచ్చు, రాసింది కదా.

ఇంటికెళ్లగానే డబ్బాలోంచి ఏడు మిరపకాయలు తీసింది.

"ఇవాళ అదేం చెయ్యలేదుగా," అన్నాడు మాస్టారు.

"చేసింది," అంది మల్లేశ్వరి. "అక్కడ పదిమంది చూశారు."

వీధంతా దగ్గింది.