అప్లికేషన్ కోసం ఒక చావు

మెడిసిన్ సీటు కోసం మారెన్ హుల్ట్‌గ్రెన్ పంపిన అప్లికేషన్‌ని ఇరవై రెండు కాలేజీలు చదివాయి. ఇరవై రెండూ ఎంతో మర్యాదగా వద్దన్నాయి. "ఈ ఏడాది అర్హులైన అభ్యర్థులు చాలామంది ఉన్నందున" అని అందరూ ఒకే వాక్యం రాశారు. తిట్టి ఉంటే కనీసం తప్పెక్కడుందో తెలిసేది. ఆ మార్చి నెలంతా వాళ్ళ ఊరు డులూత్‌లో సరస్సు మీద మంచు కరగలేదు, మారెన్ గదిలోంచి కదల్లేదు.

మార్కులకి లోటు లేదు. రెండేళ్ళు ల్యాబులో కూర్చుని ఎలుకల మెదళ్ళు పల్చగా కోసింది. గ్వాటెమాలా వెళ్ళి పది రోజులపాటు పిల్లలకి పళ్ళు తోముకోవడం నేర్పింది. వాళ్ళకి అది అంతకుముందే వచ్చన్న సంగతి మాత్రం అప్లికేషన్‌లో రాయలేదు. ఇన్ని చేసినా సీటు రాకపోతే ఇంకేం చెయ్యాలో తెలియక గ్లెండా పెల్టియర్ దగ్గరికి వెళ్ళింది. ఒకసారి తిరిగొచ్చిన అప్లికేషన్లకి రెండోసారికి బలం పట్టించి పంపడమే గ్లెండా వృత్తి.

గ్లెండా కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఇందులో అన్నీ ఉన్నాయమ్మా. మనిషే లేడు."

"మనిషా మేడమ్?"

"రోగి. నువ్వు చెయ్యి పట్టుకుని కూర్చున్న రోగి. కమిటీవాళ్ళు రోజుకి నలభై చదువుతారు. నీదగ్గరికొచ్చేసరికి వాళ్ళ కళ్ళు తడవాలి. ఎలుకల కోసం ఎవరేడుస్తారు చెప్పు?"

అలా మారెన్ ప్రతి శనివారం హాస్పిస్‌కి వెళ్ళడం మొదలుపెట్టింది. ఇక వైద్యం పనిచెయ్యదని తేలినవాళ్ళు నొప్పి లేకుండా పోవడానికి చేరే ఇల్లది. వెళ్ళగానే టైమూ, వచ్చేటప్పుడు టైమూ ఫోన్‌లో రాసుకునేది. అప్లికేషన్‌లో సేవని గంటల్లో చెప్పాలి మరి.

మే మొదట్లో ఆమెకి ఆర్విల్ స్టెనెరూడ్ దొరికాడు. డెబ్భై తొమ్మిదేళ్ళు, గుండె చేతులెత్తేసింది, మహా అయితే రెండు వారాలన్నారు డాక్టర్లు. ఆయన ఆ రెండు వారాలూ క్రిబేజ్ అనే పేకాట ఆడుతూ గడపదలుచుకున్నాడు. ఆటలో సిగ్గులేకుండా మోసం చేసేవాడు.

"ఇవాళెన్ని గంటలు రాసుకున్నావు?" అని అడిగేవాడు ప్రతిసారీ.

"నాలుగండీ."

"నేను బాత్రూంలో కూర్చున్న అరగంట కూడా కలిపావా?"

"కలిపాను."

"కలుపు, కలుపు. అది మాత్రం నా కష్టం."

నెలాఖరుకి అప్లికేషన్లు తీసుకోవడం మొదలవుతుంది. ముందు పంపినవాళ్ళవే ముందు చదువుతారు, కాబట్టి ఆ వారంలో పంపకపోతే ఏడాది నీళ్ళలో పోసినట్టేనని సీటు కోసం పోటీపడే పిల్లలందరి నమ్మకం. మారెన్ కూర్చుని వ్యాసం రాసేసింది. అందులో ఆర్విల్ సాయంత్రపు ఎండలో ఆమె చెయ్యి పట్టుకుని, "నువ్వు మంచి డాక్టరువవుతావు" అని కన్నుమూశాడు. ఆ సమయానికి అసలు ఆర్విల్ హాస్పిస్‌లో రెండో గిన్నె సూప్ అడుగుతున్నాడు. రెండు వారాలన్నారు కదా, ఎటూ జరగబోయేదే, నాలుగు రోజులు ముందు రాసిపెట్టుకుంటే తప్పేముంది అనుకుంది మారెన్. గ్లెండా చదివి ముక్కు చీదింది. "ఒక్క అక్షరం మార్చావంటే ఊరుకోను" అంది.

ఆ శనివారం హాస్పిస్ గుమ్మంలోనే నర్సు ఎదురొచ్చింది. "మంచి కబురు! మీ ఆర్విల్ కోలుకున్నాడు. ఊపిరితిత్తుల్లో నీరు తగ్గింది, తిండి తింటున్నాడు. చావబోనివాణ్ణి ఇక్కడుంచుకోకూడదు కదా, గురువారం ఇంటికి పంపేస్తున్నాం."

ఉన్నమాట చెప్పాలంటే మారెన్‌కి ఏడుపొచ్చింది, అది ఆనందంతో కాదు. పంపడానికి ఆరు రోజులుంది, ఈయనేమో ఇప్పుడు బతికాడు. ఆ మొహంతోనే గదిలోకి వెళ్ళింది.

ఆర్విల్ పేక కలుపుతూ తలెత్తాడు. "ఎవరు పోయారమ్మాయ్?"

"ఎవరూ పోలేదండీ."

"ఎవరూ పోలేదనా అంత బాధపడుతున్నావు?"

ఆ చూపుకి దాచలేక మారెన్ ఫోన్ తీసి చేతికిచ్చింది. ఆయన చెయ్యి బారుగా చాపి, పెదాలు కదుపుతూ తన చావు తాను చదువుకున్నాడు.

"బాగానే పోయాను" అన్నాడు చివరికి. "ఇంత సాధువుగా పోతానని మా వెర్నా వింటే నమ్మేది కాదు. వెర్నా ఎవరో తెలుసా?"

మారెన్ తల అడ్డంగా ఊపింది.

"మా ఆవిడ. నెల రోజులుగా ఆ బల్ల మీద ఫోటో చూస్తున్నావు. పోనీ, నేనేం పని చేసేవాణ్ణో?"

అదీ తెలియదు.

"హాకీ స్టేడియంలో మంచు నున్నగా చేసే బండి నడిపాను, ముప్పై ఒక్క ఏళ్ళు. ఇంత పొడుగు వ్యాసంలో నేను ఒక్కసారి నోరు తెరిచాను. అది కూడా నిన్ను పొగడ్డానికి."

"పంపొద్దంటారా?" అంది మారెన్, నేల చూస్తూ.

"బతికాడని రాసి పంపు."

"బతికితే ఇంకేముంటుందండీ రాయడానికి?"

నోరు జారిందని వెంటనే తెలిసింది ఆమెకి. ఆర్విల్ కోప్పడలేదు. "నీ ఇష్టం, నేనెవరికీ చెప్పను. కానీ రేపు నువ్వు డాక్టరువై నేను నీ ముందు పడుకోవాల్సొస్తే, నీ మొహం దిగాలుగా ఉందంటే నేను గట్టెక్కానని అర్థం చేసుకుంటాను" అని పేకముక్కలు పంచాడు.

ఆ సాయంత్రం మారెన్ వ్యాసంలో చావు మొత్తం కొట్టేసి గ్లెండాకి ఫోన్ చేసింది.

"బతికాడా? అయ్యో!" అంది గ్లెండా. "అంటే, సంతోషమేలే. గురువారం వెళ్ళిపోతాడన్నావు కదా? వచ్చే శనివారం నువ్వెళ్ళేసరికి ఆ మంచం ఎలా ఉంటుంది?"

"ఖాళీగా."

"శుక్రవారం వెళ్ళి చూసిరా. అదే రాయి. 'నేను వెళ్ళేసరికి ఆయన మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మడతపెట్టి ఉంది. కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాను.' ఇందులో అబద్ధమెక్కడుందో చూపించు."

మారెన్ వెతికింది, కనబడలేదు. శుక్రవారం వెళ్ళి కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది కూడా. అలా నిలబడాలని రాసుకుంది కాబట్టి నిలబడింది. "పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను" అన్న గడిలో టిక్కు పెట్టి, పంపేసింది.

విచిత్రమేమిటంటే, ఆ తర్వాత కూడా ఆమె శనివారాలు మానలేదు. ఆర్విల్ ఇంటికి వెళ్ళేది. ఆ గంటలు రాసుకోవడానికి ఎక్కడా గడి లేదు. ఆయన మోసం చేస్తుంటే కేకలు వేసేది, వెర్నా ఓవెన్‌లో హాట్‌డిష్ కూర ఎలా మాడబెట్టేదో విని కడుపుబ్బ నవ్వేది. ఇరవై మూడేళ్ళ వయసులో ఆమె ఏ లాభం లేకుండా చేసిన మొదటి పని అదేనేమో.

సెప్టెంబర్‌లో ఒక కాలేజీ ఇంటర్వ్యూకి పిలిచింది. ఎదురుగా కూర్చున్న ముసలి డాక్టర్ చేతిలో ఆమె వ్యాసం ఉంది. ఆయన కళ్ళు నిజంగానే తడిగా ఉన్నాయి.

"ఆ ఖాళీ మంచం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయానమ్మా. ఆయన్ని పోగొట్టుకోవడం నీకు కష్టమై ఉంటుంది."

చెప్పడానికి అదే సమయం. ఆయన పోలేదండీ, పోయిన శనివారం కూడా నన్ను పేకాటలో ఓడించాడు అంటే సరిపోయేది.

"అవునండీ" అంది మారెన్.

డాక్టర్ తల దించుకుని ఆర్విల్ కోసం కాసేపు మౌనంగా ఉన్నాడు. మారెన్ కూడా తల దించుకుంది.

అక్టోబర్‌లో సీటొచ్చింది. ఆ శనివారం 'యాపిల్ పై' అనే తీపి రొట్టె కొనుక్కుని, మెట్లు రెండేసి చొప్పున ఎక్కి ఆర్విల్ తలుపు కొట్టింది. ఆయన వార్త విని బల్ల గుద్ది నవ్వాడు. రొట్టె కోసి పెద్ద ముక్క ఆమెకే పెట్టాడు. పేకముక్కలు పంచుతూ, మామూలుగానే అడిగాడు.

"ఇంతకీ అందులో నేను బతికానా?"

ఆయనకి అబద్ధం చెప్పడం మారెన్ వల్ల కాలేదు. "లేదండీ."

"వాళ్ళేమన్నారు?"

"కాసేపు మౌనంగా ఉన్నారు. మీకోసం."

"మరి నువ్వు?"

"నేను కూడా."

ఆర్విల్ పంచిన పేకముక్కలు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. అంచులు బల్లకేసి తట్టి సరిచేశాడు.

"పళ్ళెంలోది తినేసి వెళ్ళమ్మాయ్. వచ్చే శనివారం రాకు. పోయినవాడింట్లో కూర్చుని పేకాడితే బాగుండదు."

ఆయన ఎప్పటిలా ఆటపట్టిస్తున్నాడేమోనని ఆమె మొహంలోకి చూసింది. ఆర్విల్ పేక డబ్బాలో పెట్టి, లేచి వెళ్ళి ఆమె కోటు తెచ్చి ఇచ్చాడు.