ఈగ రెక్క

అందరూ అబద్ధమాడుతున్నారని కాదు, ఏదో మాటవరసకు అంటున్నారనుకున్నాడు, అంతే. నల్ల కళ్ళజోడు పెట్టుకుని పుస్తకంలోని ఈగ బొమ్మను చూస్తే రెక్కలు పైకి లేస్తాయట. లోతు తెలిసే కళ్ళకు అలా కనిపిస్తుందట. కంటి వైద్యంలో పీజీకి చేరిన కొత్తలో తోటివాళ్ళంతా కాగితానికి రెండంగుళాల పైన గాలిని పట్టుకుని "అబ్బో!" అన్నారు. అతనూ గాలిని పట్టుకుని "అబ్బో" అన్నాడు.

ఏడేళ్ళప్పుడు తన మెల్లకన్ను సరిచేసిన డాక్టరును చూసే ఈ చదువు కోరుకున్నాడు. కన్ను కుదురుకుంది గానీ రెండు కళ్ళూ కలిసి లోతు చూడటం రాలేదు. ఆ సంగతి పాఠ్యపుస్తకం చెప్పేదాకా అతనికే తెలియదు. బంతి జారిపోతే అక్క "చేతులకు వెన్న రాసుకొచ్చావట్రా?" అనేది. వెన్నదే తప్పనుకున్నాడు.

సాధనకిచ్చే మేక కళ్ళ మీద కుట్లు వేయడం, నీడలను బట్టి లోతు అంచనా వేస్తూ నేర్చుకున్నాడు. కానీ మనిషి కంట్లో శుక్లం వెనకుండే పొర వెంట్రుక కంటే పలచన, లోతు అంచనా తప్పితే చిరిగిపోతుంది. ఇవాళ పదకొండింటికి అతను మొదటిసారి శుక్లం తీయాలి.

ఓపీలో ఆఖరి పేషెంటు ఆరేళ్ళ పాప. మెల్లకు ఆపరేషన్ అయి మూడు నెలలైంది. కళ్ళజోడు పెట్టి, పుస్తకం ముందుంచాడు.

"ఈగ రెక్క పట్టుకో తల్లీ."

పాప వేళ్ళు నేరుగా కాగితానికి తగిలాయి.

"పైకి లేవలేదూ?"

"బొమ్మ ఎలా లేస్తుంది?"

తల్లి మోచేత్తో పొడిచింది. "లేచిందని చెప్పవే, డాక్టరుగారు అంతలా అడుగుతుంటే!"

"లేవలేదుగా మరి! కావాలంటే నువ్వు పట్టుకో."

తల్లి నవ్వేసింది. అతను కేసు షీటులో 'లోతు చూపు లేదు' అని రాశాడు.

వాళ్ళు వెళ్ళగానే ప్రొఫెసర్ మేడమ్ తలుపు దగ్గర నిలబడ్డారు.

"ఏం పెళ్ళికొడుకూ, ఇంకా తెమల్లేదా? పెద్దాయన్ని టేబుల్ మీద పడుకోబెట్టేశారు. నిన్ను ఆయన దగ్గర తెగ పొగిడేశాను, పరువు తీయకు."

చెబితే మైక్రోస్కోపు దగ్గర చోటు పోతుంది. సీటే పోవచ్చు. చెప్పకపోతే పోయేది పెద్దాయన కన్ను.

"ఒక్క నిమిషం కూర్చుంటారా మేడమ్?"

"ఇప్పుడా? భయమేస్తోందేంటి?"

"అది కాదండీ."

పాప వదిలేసిన కళ్ళజోడు పెట్టుకున్నాడు. పుస్తకం తన ముందుకు లాక్కున్నాడు. ఆవిడ చూస్తుండగా, రెండు వేళ్ళూ ఈగ రెక్క మీదికి దించి, కాగితాన్ని తాకాడు.