పూడ్చిన మగ్గపుగుంట

వర్షర్తువు వెడలిపోయి శరదాకాశము గంజిపెట్టి యారవేసిన తెల్లచీరవలె నిర్మలమై మెఱయుచుండ, వానకాలమంతయు నీరూరి మూగవోయిన మగ్గపుగుంటలు పొడివాఱుటచే మంగళగిరి నేతవారి వీథియందు పడుగులో నటునిటు పరుగిడు నాడెల టకటకారావము వేకువతోడనే యింటింట మరల మేల్కొనెను. ఒక్క నాంచారమ్మ యింట మాత్రమా సవ్వడి లేదు. నేయువారు కాళ్లు దించుకొని కూర్చుండు నచ్చటి గుంటను నాంచారమ్మ తన చేతులతోడనే మన్ను పోసి పూడ్చియుండెను.

ఆ పూడ్పునకు కారణమామె కూతురు భద్రావతి తుంటి. ప్రథమయౌవనమున ఆటో తిరగబడి విఱిగిన యా తుంటికి వైద్యులు కృత్రిమసంధి నమర్చిరి. అది కొన్నియేండ్లకు వదులై యెముకను లోలోపల నరుగదీయగా మరల కోసి, పాతదానిని పెకలించి, తరిగినచోట నెముకపొడి కూరి, తొడనడిమివఱకు దిగు పొడవైన లోహదండమును నిలిపిరి. ఆ రెండవ శస్త్రచికిత్స జరిగి పుష్కరకాలము కావచ్చెను. భద్రావతి యెన్నడో చేతికఱ్ఱ విడిచెను. తల్లిగుండె మాత్రమింకను విడువలేదు.

నేతలో పుట్టి నేతలో పెరిగిన నాంచారమ్మ యెఱిగిన సత్యమొకటి కలదు. తెగిన పడుగుపోగు నతికినచో నతుకు తెగదు. దాని ప్రక్కనే తెగును. కూతురి యెముకయు లోహము ముగిసినచోటనే విఱుగునని తలచి, భద్రావతి యాసుపత్రినుండి రాకమునుపే గుంట పూడ్చి, ఎత్తుకుర్చీ వేసి, నూలును కండెలకు చుట్టుపని యొప్పగించెను. భద్రావతి కుర్చీలో కూర్చుండి కండెలు చుట్టుచుండెను. వీథిలో మగ్గములు మ్రోగునపుడు మాత్రము కుర్చీక్రింద నామె పాదములు తమంతటతామే తొక్కుచున్నట్లాడుచుండెను. తల్లి చూచియు చూడనట్లుండెను.

ఆ శరత్తున భద్రావతి తొడలో సన్ననినొప్పి పొడసూపెను.  నాంచారమ్మ కొండపై నరసింహునకు పానకము మ్రొక్కి కూతును గుంటూరికి కొనిపోయెను. వైద్యురాలు క్రొత్త ఎక్స్‌రేను పాతవాని ప్రక్కన వెలుగుపలకపై నిలిపి తదేకముగా చూచుచుండ, ఆ తల్లి యామె మొగమునందు కీడును వెదకుచుండెను.

“అతుకు పక్కన తెగిందా డాక్టరమ్మా? నా దగ్గర దాచమాకండి,” అనెను.

భద్రావతి నవ్వి, “బల్లి పలికినా నా తుంటికే ముడిపెట్టుద్దండీ మా అమ్మ. మీరు చెప్పండి,” అనెను.

“తెగలేదమ్మా. ఎముక ఆ కడ్డీని గట్టిగా పట్టుకుంది. ఎక్కడ పెట్టామో అక్కడే ఉంది. నొప్పి కండల్లో. వాడకపోబట్టి నీరసపడ్డాయి.”

“మరి ముందుముందు?” అని తల్లి యడిగెను.

“ఏమీ కాదని మాటివ్వలేను. రెండోసారి వేసిన కీలు, ఏటేటా చూపించుకోవాల్సిందే. పడకూడదు, గొంతుకూర్చోకూడదు. కానీ కదలనివ్వకపోతే ఆ కడ్డీ పక్కన ఎముకే పలచబడుద్ది. మీరు భయపడే చోటే.”

నాంచారమ్మ పమిటకొంగును వ్రేలికి చుట్టెను, విప్పెను, మరల చుట్టెను. పిమ్మట, ఇన్నేండ్లు తన నోటరాని మాట నెట్టకేలకు పలికెను.

“మరి మగ్గం?”

భద్రావతి దిగ్గున తల్లివంక చూచెను.

“కాళ్లు గుంటలోకి వేలాడేసే కదా కూచునేది? గట్టు ఎత్తు చేయించండి. మోకాళ్లు తుంటికన్నా పైకి రాకూడదు. దిగేటప్పుడు ఒకరు చెయ్యి పట్టుకోవాలి,” అని వైద్యురాలు తెలిపెను.

మఱునాటి యుదయమున భద్రావతి మేల్కొనునప్పటికి తల్లి గునపము చేతబూని గుంటలో మోకాటిలోతున నుండెను. మన్నంతయు తీసి, గట్టెత్తించి, మగ్గమును మరల నిలిపిన పిమ్మట, ఆ వృద్ధురాలు అటుకపైనుండి పాతచీరలో చుట్టిన మూట నొకదానిని దింపి విప్పెను. అందు తొక్కుడుపలకలు చెదలంటక, నూనె పూసిన నిగ్గుతో నుండెను.

“ఇన్నేళ్లూ దాచావా అమ్మా?”

“పొయ్యిలో పెట్టడానికి చేతులు రాలేదే. ఊఁ, చెయ్యందుకో. మెల్లగా... ఆ కాలు ముందు కాదే తల్లీ!”

నాంచారమ్మ కొన్నిదినములు గట్టుకడనే కూర్చుండి, కూతురు పలకను తొక్కినప్పుడెల్ల తన కాలే నొచ్చినట్లులికిపడుచుండెను. తుదకొక ప్రాతఃకాలమున పెరటిలో నూలు తడుపుచుండగా వీథిలోని మగ్గములన్నియు నొక్కటై మ్రోగుచుండెను. వానిలో తన యింటి సవ్వడి యేదో యామెకు తెలియలేదు. పుష్కరకాలము కూతురి యడుగడుగునకు చెవియొగ్గిన యా తల్లి, ఆనాడు చెవియొగ్గుట మఱచితినని కొంతసేపటికి గాని యెఱుగదయ్యెను.