గిరీష్ హస్తవాసి

“ఆ చేత్తోనే సంగటి కెలికినావా?”

నేను చిల్లులు పూడ్చే ఎంసీల్ ముద్ద పిసికిన ప్రతిరోజూ మా అత్త కుప్పమ్మ అడిగే ప్రశ్న ఇది. లేదత్తా, సబ్బుతో రెండుసార్లు, చింతపండుతో ఒకసారి తోముకున్నాకే పొయ్యి దగ్గరికి వచ్చినానని చెప్తాను. అయినా సంగటి ముద్దను అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, అప్పుడు పులుసులో అద్దుకుంటుంది. ఆమె కళ్లద్దాల కాడ విరిగితే అతికించింది ఈ చెయ్యే. ఆమె నీళ్లు పోసుకునే బకెట్టుకు అడుగున చీలిక పూడ్చింది ఈ చెయ్యే. వాటిని మాత్రం ఎప్పుడూ వాసన చూడలేదు.

మిక్సీ జారు కారితే ఎంసీల్, కుక్కరు పిడి ఊగితే ఎంసీల్, మిద్దె మీద నీళ్ల ట్యాంకు చెమర్చితే ఎంసీల్. పాప నీళ్ల బాటిల్ మూత దగ్గర్నుంచి ఈ ఇంట్లో అతుకు లేని వస్తువు నాకు కనిపించదు. కొత్తది కొందామంటే మా ఆయన నవ్వుతాడు. “నువ్వుండంగా కొత్తది యాల?” అంటాడు. మెచ్చుకున్నాడో మొండిచెయ్యి చూపించాడో తేల్చుకునేలోపు ఆయన చెప్పులేసుకుని కొట్టులోకి వెళ్లిపోయుంటాడు.

మా ఆయన గిరీష్‌కి కుప్పంలో పైపులు, కొళాయిలు, మేకులు అమ్మే కొట్టుంది. ముందుగది కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో పూలకర్టెను. పల్లెలనుంచి వచ్చేవాళ్లు చీలిన పైపులూ, నెర్రె పడిన మోటారు మూతలూ, కారే పెట్రోలు ట్యాంకులూ తెచ్చి గల్లా పక్కన పెడతారు. “ఈడ పెట్టిపో అన్నా, రేపు తీసుకో” అంటాడు ఆయన. సాయంత్రం అవి కర్టెను దాటి పెరట్లో బట్టలుతికే బండ మీదికి వస్తాయి. పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా, పాప లెక్కలు చూస్తూ, నేను తుప్పు గీకుతాను, ఉప్పుకాగితంతో రుద్దుతాను, తడి ఆరేదాకా విసనకర్రతో విసురుతాను. ప్యాకెట్టులోని రెండు ముద్దలూ సమానంగా తీసుకుని, చారలు పోయి ఒకే రంగు వచ్చేదాకా పిసుకుతాను. అది చేతిలో వెచ్చబడటం మొదలైందంటే ఇక ఆగదు, గడప దగ్గర ఎవరు పిలిచినా లేవకూడదు. పొద్దునకు రాయిలా బిగుసుకుంటుంది. అప్పుడు వస్తువు మళ్లీ కర్టెను దాటి ముందుకు పోతుంది.

“గిరీష్‌ది మంచి హస్తవాసప్పా. ఆయప్ప చెయ్యి పడితే మళ్ల కారేదే లేదు” అంటారు వాళ్లు. కర్టెను వెనకనుంచి నాకు ప్రతి మాటా వినిపిస్తుంది. హస్తవాసి ఎవరిదో, ఆ హస్తం అప్పుడు ఏ బియ్యం ఏరుతూ ఉందో వాళ్లకు తెలియదు.

పుంగనూరులో మా నాయన మునెప్పకు సైకిల్ షాపుండేది. నేను మదనపల్లెలో డిగ్రీ చదివిన మూడేళ్లూ బస్సు దిగి నేరుగా షాపుకే పోయేదాన్ని. నూనె మరకల పీట మీద కూర్చుని పంచర్లు వేసేదాన్ని, చీలిన మడ్‌గార్డులు అతికేదాన్ని. “మునెప్ప కూతురా, ఇది నువ్వే సూడమ్మా. మీ నాయన తొందర మనిషి” అని నాకే సైకిలు అప్పజెప్పేవాళ్లు. మా నాయన రోషపడేవాడు కాదు. “అవునప్పా, దాని చెయ్యే నయం” అనేవాడు, నలుగురూ వినేటట్లు, బీడీ పక్కకు తీసి మరీ. ఆ మాట విన్నప్పుడు ఒళ్లంతా ఎలా ఉండేదో ఇప్పటికీ గుర్తుంది. ఇప్పుడు మా నాయనా లేడు, షాపూ లేదు.

పెళ్లయిన మొదటి నెలలో ఈ ఇంట్లో మిక్సీ జారుకు నెర్రె పడింది. నేను పూడుస్తుంటే మా ఆయన వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. “నీకెట్ల తెలుసు ఇది?” అని అడిగాడు. అడిగి, ఆ మరకల వేళ్లను అలాగే పట్టుకుని చూశాడు, ఒక్కొక్కటే, ఏదో వింత చూసినట్లు. అంతగా చూశాడు కాబట్టే మర్నాడు ఎవరిదో పగిలిన పైపు తెచ్చి ఇస్తే సంబరంగా చేసిచ్చాను. దాని సొంతదారు వచ్చి పొగిడినప్పుడు కర్టెను అంచు పట్టుకుని నిలబడ్డాను. ఇప్పుడంటాడు, నాది కాదన్నా, మా ఇంటామె చేసిందని, అనుకున్నాను. “ఏదోలే అన్నా, చేతనైనంత” అన్నాడు మా ఆయన.

కొత్తలో మొహమాటమేమో, ఈసారికి పోనీలే, తర్వాత చెప్తాడు అనుకున్నాను. తర్వాతది కూడా పోయింది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, నేను చేసినానని చెప్తే ఏమైతాదని. “సెప్తే ఏం బాగుంటాది? పెండ్లాం పని చేస్తా ఉంటే మొగుడు గల్లా మీద కూర్చోనుండాడు అంటారు. మనిద్దర్లో ఎవురు చేస్తే ఏముంది?” అన్నాడు. నిజమే, ఎవరు చేస్తే ఏముంది, పేరు తనదైనప్పుడు. ఇంకోసారి, రాత్రి పక్కన పడుకుంటే, “ఆ వాసన చేతులు దూరం పెట్టుకో” అన్నాడు. ఒకప్పుడు ఒక్కొక్క వేలే చూసిన మనిషి.

నాకు కావలసింది పెద్దదేం కాదు. బోర్డు మీద పేరు అడగలేదు. ఒక్కసారి, ఒక్క మనిషి ముందు, తల కర్టెను వైపు తిప్పి ‘అదిగో, ఆమె’ అంటే చాలు. దానికోసం పదకొండేళ్లు చెవి అటే వేసుకుని అంట్లు తోమాను.

ఈ ఏడు ఆయుధపూజ నాడు పొద్దున్నే ఆయన పెరట్లోకి వచ్చి నా సామాను అంతా పళ్లెంలో వేసుకుని వెళ్లాడు. రంపపు బ్లేడు ముక్క, గీకుడు కత్తి, పుంగనూరు నుంచి నేను తెచ్చుకున్న మా నాయన ఆకురాయి. కొట్టులో తక్కెడ పక్కన వాటినీ పేర్చి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పూలు వేశాడు. గడప ముందు బూడిదగుమ్మడికాయ కొట్టాడు. వచ్చినవాళ్లకు బొరుగులూ పుట్నాలూ పంచాడు. “రేపు పొద్దున దాకా ఎవురూ ఆ సామాను ముట్టకూడదు. ఏడాదంతా కష్టపడినాయి, ఈ పొద్దు వాటికి సెలవు” అంది మా అత్త. నేను అయిదింటికే లేచి పది మందికి వంట మొదలుపెట్టాను. అలసంద వడలు, పాయసం, చిత్రాన్నం, పులుసు. నాకు సెలవుందని ఆమె అనలేదు, నేనూ అడగలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటన్నర వేళ. చుట్టుపక్కల కొట్లవాళ్లు భోజనాలకని వచ్చి ముందుగదిలో కూర్చుని ఉన్నారు. బయట మోపెడ్ ఆగిన చప్పుడు, ఆ వెంటనే ఆడగొంతు.

“గిరీషప్పా, ఉండావా? కొంప మునిగింది!”

కర్టెను సందులోంచి చూశాను. రామకుప్పం దగ్గర పల్లెనుంచి వచ్చే నంజమ్మ. పోయిన ఏడు ఆమె బండి పెట్రోలు ట్యాంకు అడుగున చిల్లు పడితే ఇక్కడికే తెచ్చింది. ఇప్పుడు ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఇంకో చెయ్యి ట్యాంకు కింద పెట్టుకుని నిలబడి ఉంది. ఆ చేతిలో బట్టల సబ్బు ముక్క.

“బండికి పూజ చెయ్యల్లని మా ఇంటాయన కడిగినాడప్పా. నువ్వు పెట్టిన ఎంసీల్ ముద్దను మురికనుకోని కొబ్బరిపీచుతో తోమినాడు. పోలేదని కొడవలి మొనతో గీకేసినాడు! పెట్రోలు బొట్లు బొట్లు. సబ్బు నూరి పెట్టుకోని వచ్చినా, అదీ కరిగిపోతాండాది. మెకానిక్కులంతా మూసేసి పూజల్లో ఉండారు.”

అందరూ నవ్వారు. మురికికీ అతుకుకీ తేడా తెలియని మనిషి అని ఎవరో అన్నారు. నంజమ్మ నవ్వలేదు. “నవ్వద్దండప్పా. సందేళకు ముందే నేను ఇల్లు చేరల్ల. మొన్న మా రాగి చేన్లో ఏనుగులు దిగినాయి. చీకటి పడితే రోడ్డు మీదికే వస్తాండాయి. ఆ అడివి కాడ బండి ఆగిందంటే నా గతి ఏంది?”

మా ఆయన పళ్లెం వైపు చూశాడు. ఆయన మొహంలో కనిపించిన నెమ్మది నాకొక్కదానికే అర్థమైంది. “ఈ పొద్దు ఆయుధాలు ముట్టకూడదమ్మా. రేపు రా” అన్నాడు.

“దేవుడేమీ అనుకోడులే గిరీషూ. నీ హస్తవాసికి అయిదు నిమిషాల పని, పెట్టెయ్” అన్నాడు పక్క టైర్ల కొట్టు మధుసూదన్. తక్కినవాళ్లూ అందుకున్నారు. మా ఆయన ఇరుక్కుపోయాడు. మెల్లగా తల తిప్పి కర్టెను వైపు చూశాడు. ఇన్నేళ్లకు, ఇదిగో, ఇప్పుడంటాడు అనుకున్నాను. అనాలని ఆయన్ని నేను అంత గట్టిగా ఎప్పుడూ కోరుకోలేదు.

“సామాను పూజలో ఉంటే ఎట్లప్పా” అన్నాడు, తల మళ్లీ వాళ్ల వైపు తిప్పేసుకుని.

నేను చేతులు కొంగుకు తుడుచుకుని బయటికి వచ్చాను. “పూజ సామానుకు గదా చేసినారు. నా చేతులకు ఎవురూ బొట్టు పెట్టలేదే, వాటికి సెలవు లేదులే. బండి ఇట్ల తీసుకురా నంజమ్మా, కర్పూరం కాడ వద్దు, ఆ వేపమాను పక్కకు” అన్నాను.

పెట్రోలంతా సీసాలోకి దించాను. సబ్బు జిగురు పోయేదాకా తుడిచి, ఎండలో ఆరనిచ్చాను. ఆకురాయి ముట్టనని అత్తకు మాటిచ్చినట్లే లెక్క కాబట్టి, గోడ పక్కన పడి ఉన్న పాత పెంకు ముక్కతో చిల్లు చుట్టూ గరుకుగా రుద్దాను. ప్యాకెట్టు చింపి పిసకడం మొదలుపెట్టాను. వీధిలో, ఎండలో, మనుషుల ముందు కూర్చుని ఈ పని చేసి పదకొండేళ్లయింది. బస్సు హారన్లు, ఎవరో నడుచుకుంటూ పోతూ ఆగి చూడటం, మోకాలి మీద దుమ్ము. పుంగనూరు పీట మీద కూర్చున్నట్లే ఉంది. ఎంత సంతోషం వేసిందంటే ఏడుపు వస్తుందేమోనని భయపడ్డాను.

అప్పుడు వెనకనుంచి మా ఆయన గొంతు వినిపించింది.

“నేనే నేర్పించినాను. ఇప్పుడు బాగానే చేస్తాది.”

“ఔరా, ఇంట్లోనే శిష్యురాల్ని తయారు చేసినావే!” అన్నాడు మధుసూదన్. నవ్వులు. మా నాయన బీడీ పక్కకు తీసి అన్న మాట గుర్తొచ్చింది. నా పేరు చెప్పకపోవడం ఒక ఎత్తు, మా నాయన్ను కూడా మింగెయ్యడం ఒక ఎత్తు. అయినా ముద్ద చేతిలో వెచ్చబడుతోంది, అది చిల్లులోకి పోవాలి ముందు. చిల్లు మీద నొక్కి, తడివేలితో అంచులు నున్నగా దిద్దాను. ఈ మాట కూడా మింగేసి లోపలికి పోయి వడ్డిద్దామనే అనుకున్నాను. నాకది అలవాటే.

నంజమ్మ నన్ను చూసింది కానీ అడగడం మాత్రం ఆయన్నే అడిగింది. “ఎంతసేపు ఆగల్లప్పా?”

“పది నిమిషాలు చాలమ్మా. పెట్రోలు పోసుకోని పో” అన్నాడు మా ఆయన, బొరుగులు నోట్లో వేసుకుంటూ.

ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆయనకు తెలియదు, అంతే. పచ్చిగా ఉన్న అతుకును ఆయన ఎప్పుడూ చూడలేదు. ఆయన చేతికి వచ్చేవన్నీ పొద్దునకు బిగుసుకున్నవే. నంజమ్మ సరేనని సీసా మూత తిప్పింది. మెత్తటి ముద్ద మీద పెట్రోలు పడుతుంది, కుదుపులకు ఊడుతుంది, అడివి దగ్గర బండి ఆగుతుంది. ఆమె ఏ హస్తవాసిని నమ్మి వచ్చిందో దాన్నే నమ్మి పోతోంది.

సీసా పట్టుకున్న ఆమె చేతి మీద నా చెయ్యి వేశాను.

“పెట్రోలు పొయ్యొద్దు నంజమ్మా. ఆయనకు తెలీదు. ఆయన ఈ పని ఎప్పుడూ చెయ్యలేదు. పోయిన ఏడు నీ బండికి పెట్టింది నేనే. ఈ కొట్లోంచి అతుకేసుకోని పోయిన ప్రతిదానికీ పెట్టింది నేనే. నాకు నేర్పించింది పుంగనూరు సైకిల్ షాపు మునెప్ప, మా నాయన. గంటన్నర దాకా దీన్ని ముట్టకూడదు. నాలుగ్గంటలకు నేనే నొక్కి చూసి పంపిస్తా. ఒక లీటరుకు మించి పోసుకోవద్దు.”

బొరుగులు నమిలే చప్పుడు ఆగిపోయింది. నంజమ్మ నా చేతుల వైపు చూసింది, ఆయన చేతుల వైపు చూసింది. “నువ్వేనా తల్లీ!” అని సీసాకు మూత పెట్టి, చీర సర్దుకుని నా పక్కనే నేల మీద కూర్చుంది. “అట్లయితే కూర్చుంటా. నువ్వు పొమ్మన్నప్పుడే పోతా.”

“లోపలికి రావే పుష్పావతీ, ఆకులేసి వడ్డించల్ల, నలుగురూ కాచుకోనుండారు” అని మా అత్త గడపలోంచి పిలిచింది. ఆ గొంతులో కోపం ఉంది, భయం కూడా ఉంది.

“గంటన్నర పడతాది అత్తా. పులుసు పొయ్యి మీదుండాది, మీరే పెట్టుకోండి” అన్నాను. మా ఆయన వైపు చూశాను. ఆయన తల వంచుకుని తన అరచేతులు చూసుకుంటున్నాడు. తిడతాడేమో, రాత్రికి మాట్లాడడేమో తెలియదు. నేను మాత్రం ఇక కర్టెను వెనక కూర్చుని పని చెయ్యను. పదకొండేళ్లు ఆయన నోట వినాలని కాచుకున్న మాటను నేనే చెప్పుకోవడానికి అరనిమిషం పట్టలేదు. అయినా, సిగ్గు విడిచి చెప్తున్నాను, అది ఆయన నోట వినాలని ఇప్పటికీ ఉంది.