ఇద్దరి కొలతకు కుట్టిన డేరా

ఒళ్ళు కొలిచి డేరా కుట్టిన మనిషిని మీరెక్కడైనా చూశారా? మన టైలరమ్మ ఆ పని చేసింది. వదినను షాపు నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి తల నుంచి మడమ దాకా ఒకసారి, భుజం నుంచి భుజం దాకా ఒకసారి టేపు పట్టింది. తర్వాత తను పడుకుని వదిన చేత పట్టించింది. రెండు కొలతలూ కలిపి, చొక్కాకు వదిలినట్టే నాలుగంగుళాలు లూజు వదిలి, గుడ్డ కత్తిరించింది. పాతికేళ్ళుగా మనుషులకు కుట్టిన చెయ్యి మరి. పడుకున్న మనిషి పక్కకు తిరుగుతుందన్న సంగతి టేపుకెలా తెలుస్తుంది?

ఈ డేరా గోల మొదలై నాలుగు నెలలైంది. ఒకమ్మాయి చిరిగిన డేరా కుట్టించుకోవడానికి షాపుకు వచ్చింది. కొండలెక్కడమే పనిగా తిరిగే పిల్ల. వదిన ఆమెకు కొండపిల్ల అని పేరు పెట్టింది. కుట్టు అయ్యేదాకా కూర్చున్న ఆ గంటలో, ఊరికి ఉత్తరాన కనిపించే కొండల వరస గురించీ, మూడు రోజులు నడిస్తే అవతల నది ఒడ్డున దిగే దారి గురించీ చెప్పి, కత్తిరింపుల కాగితం మీద గీసిచ్చి మరీ వెళ్ళింది. వదినా ఆడపడుచూ ఇద్దరూ నలభై దాటినవాళ్ళే. ఆరుబయట ఒక్కసారి నిద్రపోయిన పాపాన పోలేదు. "పోదామా వదినా?" అంది టైలరమ్మ, ఊరికే నవ్వులాటకి. "పద" అంది వదిన.

చేతిలో ఉన్నదేమో అంతంతమాత్రం. చూడబోతే బస్సు ఛార్జీల కన్నా డేరా అద్దె ఎక్కువయ్యేలా ఉంది. "అద్దె ఎందుకు, నేనే కుడతా" అని టైలరమ్మ గొడుగుల దుకాణంవాళ్ళు పక్కన పడేసిన గుడ్డ చవగ్గా తెచ్చింది. సగం నీలం, సగం ముదురు ఎరుపు. కర్రలకు పాత దోమతెర ఊచలు సరిపోయాయి. తిండికి రొట్టెలు, వేరుశనగలు, ఉడికించిన గుడ్లు. వదిన మందుల షాపులో పనిచేస్తుంది కాబట్టి ఆ లోటు అసలే లేదు. జ్వరం, వాంతులు, బెణుకు మందులకే కాదు, చివరికి విమానంలో చెవులు దిబ్బెళ్ళు వేస్తే వాడే చుక్కలకి కూడా సంచిలో చోటిచ్చింది.

"ఇందులో విమానం ఎక్కడొచ్చింది వదినా?"

"నువ్వు కుట్టిన డేరాలో పడుకుంటే మనల్ని దేంట్లో తీసుకెళ్తారో ఎవరికి తెలుసు" అంది వదిన.

ఇంతవరకూ బాగానే సాగింది. రెండు నెలల కిందట అన్నయ్యకు బదిలీ కాగితం వచ్చింది. ఆయన ఒక గోడౌనులో సూపర్‌వైజరు. వచ్చే నెల ఒకటో తారీఖుకల్లా, పద్నాలుగు గంటల ప్రయాణం దూరంలో ఉన్న ఊరికి అన్నా వదినా మకాం ఎత్తేయాలి. టైలరమ్మ షాపు ఇక్కడే, ఆమె బతుకూ ఇక్కడే. పెళ్ళి గొడవ పెట్టుకోని మనిషి. పదిహేనేళ్ళుగా ఒకే వంటింట్లో వదినతో కీచులాడుకుంటూ బతికింది. అంచేత ఆమెకిప్పుడు కొండ సరదా కాదు. వెళ్ళిపోయేలోగా వదిన తనతో మూడు రోజులుండాలి, అంతే. ఆ మాట నోరు తెరిచి అడిగిందా అంటే, అబ్బే. నోట్లో గుండుసూదులు పెట్టుకు కూర్చునే మనిషి ఏం అడుగుతుంది?

వదిన వరస చూస్తేనేమో, ఆ కాగితం వచ్చిన దగ్గర్నుంచీ మారిపోయింది. ఆదివారం వచ్చేసరికి ఏదో ఒక వంక. బూట్లు కరుస్తున్నాయి. వాన పడేలా ఉంది. వాన లేకపోతే ఎండ మాడుస్తోంది. అలాగని ఊరుకుంటుందా? రోజూ సాయంత్రం పని ముగించుకుని ఠంచనుగా షాపుకొస్తుంది, స్టూలు లాక్కుంటుంది, కొండపిల్ల గీసిన కాగితం విప్పి, "ఈ వాగులో నీళ్ళుంటాయంటావా?" అని మళ్ళీ మొదటికొస్తుంది. ఇలా మీనమేషాలు లెక్కపెడుతుండగానే ఒకటో తారీఖు పన్నెండు రోజుల్లోకి వచ్చేసింది. ఈవిడకి రావడం ఇష్టం లేదు, మొహమాటానికి నాన్చుతోంది అని టైలరమ్మ తీర్మానించేసుకుంది. లోపల కుతకుతా ఉడికిపోతూనే, పైకి మాత్రం "బూట్లలో దూది పెట్టుకో వదినా" అనేది.

బుధవారం మధ్యాహ్నానికి డేరా పూర్తయింది. భోజనానికి ఇంటికి పోతూ వదిన షాపులో ఆగింది. షట్టరు సగానికి దించి, రెండు మిషన్లూ గోడకు జరిపి, నేల మీద దాన్ని నిలబెట్టారు. ముందు వదిన దూరింది. ఆ పక్కన టైలరమ్మ దూరింది. దూరాక గానీ తెలియలేదు, భుజం పక్కన భుజం ఇరుక్కుని ఇద్దరూ అటూ ఇటూ కదలడానికి లేదని.

"నువ్వు పీల్చాక నేను పీల్చాలా, ఇద్దరం ఒకేసారి ఊపిరి పీల్చుకోవచ్చా?" అంది వదిన.

"లూజు వదిలాను."

"ఎక్కడ వదిలావో చెప్పు, నేనెళ్ళి అక్కడ పడుకుంటా."

టైలరమ్మ పళ్ళు నూరుకుంటూ తల దగ్గరున్న తలుపులోంచి చెయ్యి బయటపెట్టి జిప్పు లాగింది. రెండు వేళ్ళ సందు ఉండగా చెయ్యి లోపలికి తీసుకుంది.

"ఆ సందులోంచి దోమలొస్తాయి" అంది వదిన. అని ఊరుకోకుండా, వేలు దూర్చి జిప్పు మొనను గోటితో నెట్టింది. అది కాస్తా పూర్తిగా మూసుకుపోయింది.

ఇద్దరూ మెడలెత్తి చూశారు. లోపలివైపు పట్టుకు లాగడానికి ఏమీ లేదు. ప్యాంటుకి జిప్పు వేసేటప్పుడు పట్టుకునే నాలుక ఎటు పెడతారు? బయటికే కదా. డేరాకూ అలాగే పెట్టింది మహాతల్లి.

"బాగు బాగు" అంది వదిన. "కొండ మీద ఎలుగుబంటి వస్తే అదే తీసుకుని లోపలికొస్తుంది. మనం మాత్రం బయటికి పోయే పని లేదు. కత్తెర ఏది?"

"బల్ల మీద."

"ఫోను?"

"కత్తెర పక్కన."

వదినకు నవ్వు ముంచుకొచ్చింది. ఆమె పొట్ట కదిలితే డేరా కదిలింది, డేరా కదిలితే టైలరమ్మకూ నవ్వాగలేదు. జిప్పు పడ్డాక గుడ్డ ఇంకా బిగిసి, కళ్ళు తుడుచుకుందామన్నా దించిన చేతులు మళ్ళీ పైకి రాలేదు.

ఇంతలో షట్టరు కింద నుంచి ఎవరో వంగి లోపలికొచ్చారు. గొంతును బట్టి చూస్తే సైకిల్ షాపాయన. "అమ్మా, నా ప్యాంటు సంగతి ఏమైంది?" అన్నాడు, ఎవరూ కనబడక.

టైలరమ్మకు ప్రాణం లేచొచ్చింది. "ఏవండీ, కాస్త ఆ డేరా..." అనబోయేసరికి డొక్కలో చురుక్కుమంది. వదిన గిల్లింది. మామూలు గిల్లుడు కాదు. "రేపు రండి" అని మిగతా మాట మింగేసింది టైలరమ్మ.

"మొన్నా రేపే అన్నారు. ఇప్పుడు డేరాలోంచి చెప్తున్నారు, దీన్ని నమ్మొచ్చా?" అని ఆయన గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

"ఎందుకు గిల్లావు?" అంది టైలరమ్మ. "ఆయన తీసేవాడుగా."

"కుట్లు మాత్రం గట్టిగా వేశావు" అంది వదిన.

ఇక టైలరమ్మకు ఓపిక చాల్లేదు. "వదినా, నీకు రావడం ఇష్టం లేకపోతే చెప్పెయ్. నేనేమీ అనుకోను."

"అబద్ధం."

"సరే, అనుకుంటాను. ఏడుస్తాను కూడా. అయినా చెప్పు."

వదిన పైనున్న నీలం గుడ్డ వైపే చూస్తోంది. "వెళ్ళొస్తే అయిపోతుందే పిల్లా" అంది చివరికి. "కొండ దిగొచ్చిన మర్నాడు నేను సామాను కట్టుకోవాలి. వెళ్ళకుండా ఉన్నన్నాళ్ళూ రోజూ ఇక్కడికి రావడానికి నాకో పనుంటుంది. బూట్లు కరవట్లేదు. మొదటి నుంచీ కరవలేదు."

టైలరమ్మకు రెండు నెలల కోపం ఒక్కసారిగా ఎటు పోయిందో తెలియలేదు. దాని చోట సిగ్గు, దాని వెనకాలే పట్టలేని సంతోషం. నోట్లో ఇప్పుడు గుండుసూదులు కూడా లేవు, తప్పించుకోవడానికి.

"ఆ కాగితం నువ్వు పట్టుకుపో వదినా" అంది. "వాగులూ వంపులూ అన్నీ నువ్వే ఉంచుకో. నాకు మూడు రోజులు కావాలి. మిగతా రోజులన్నీ అన్నయ్యకే ఇచ్చేస్తున్నానుగా."

వదిన తల ఇటు తిప్పింది. ముక్కూ ముక్కూ తగిలేంత దగ్గర. ఆమె కళ్ళలోంచి నీళ్ళు చెవి పక్కగా కారాయి. తుడవడానికి చోటు లేక టైలరమ్మ తన నుదురు ఆమె చెంపకు ఆనించింది. అలా ఎంతసేపున్నారో ఇద్దరికీ తెలియదు.

షట్టరు చప్పుడైంది. ఈసారి అన్నయ్య. భోజనానికి ఎవరూ రాకపోతే వెతుక్కుంటూ వచ్చాడు. డేరా చుట్టూ ఒకసారి తిరిగి, "ఎక్కడిదాకా వచ్చింది ప్రయాణం? నది దాటారా?" అన్నాడు.

"జిప్పు లోపల్నుంచి రాదు అన్నయ్యా."

"అనుకున్నాను. తియ్యనా?" అంటూ ఆయన వంగాడు.

"ఆగండి" అంది వదిన. "ముందు బస్టాండుకి వెళ్ళి, ఎల్లుండి పొద్దున బస్సుకి రెండు టికెట్లు పట్రండి. అవి నా చేతికొచ్చాక తియ్యండి."

"అప్పటిదాకా లోపలే ఉంటారా?"

"ఉంటాం. ఇప్పుడు బయటికొస్తే నేను మళ్ళీ ఏదో ఒక వంక పెడతాను."

అన్నయ్య చెప్పులు తొడుక్కున్నాడు. బస్టాండు పది నిమిషాల నడక. లోపల ఇద్దరూ పైకి చూస్తూ పడుకున్నారు. కాసేపటికి వదిన, "ఆయన కాస్త నెమ్మదిగా నడిస్తే బాగుండు" అంది.