జత చీటీలో మూడో మాట

బస్సు చీరాల నుంచి బయలుదేరిందో, చీరాలకే పోతోందో సుందరి టీచరుకు తెలియడం లేదు. అడుగుదామంటే డ్రైవరు సీట్లో ఎవరూ లేరు, అయినా బస్సు మాత్రం పద్ధతిగా ప్రతి స్టాపులోనూ ఆగుతోంది, ఎవరూ ఎక్కకపోయినా కాసేపు నిలబడి మళ్ళీ కదులుతోంది. పక్క సీట్లో హెప్సిబా మెడలో టేపు వేలాడేసుకుని, ఒళ్ళో ఎవరిదో సగం కుట్టిన జాకెట్టు పెట్టుకుని హుక్సులు వేస్తోంది. హెప్సిబా పోయి మూడేళ్ళయిందని సుందరికి గుర్తుంది, గుర్తుండీ ఆశ్చర్యం కలగడం లేదు. కలుగుతున్నదల్లా ఇబ్బంది, ఎందుకంటే తన ఒళ్ళో హెప్సిబా చీటీ ఉంది, చేతిలో మూత తీసిన పెన్ను ఉంది, స్నేహితురాలు చూడకముందే ఆ రెంటినీ కొంగు కింద పెట్టేయాలి.

"దాచమాకే," అంటుంది హెప్సిబా తల ఎత్తకుండానే. "నా చీటీయేగా."

అది జత చీటీ. వాళ్ళ చర్చి సంఘంలో స్త్రీల సమాజం మొదలైనప్పటి నుంచీ ఉన్న అలవాటు. ఏటా జనవరి మొదటి ఆదివారం మధ్యాహ్నం ఆడవాళ్ళంతా గుడిలో చాపల మీద కూర్చుని, ప్రార్థన చేసుకుని, కొత్తగా జత కట్టినవాళ్ళు బతుకులో తాము చేయాలని ప్రభువు మనసులో పెట్టిన పనులు మూడు కాగితం మీద రాస్తారు. రాసింది తన దగ్గర ఉంచుకోకూడదు, జత మనిషికి ఇచ్చి ఆమెది తను తీసుకోవాలి. ఎవరి పని కోసం వాళ్ళే ప్రార్థిస్తే అందులో స్వార్థం దూరుతుందని ఎప్పుడో ఒక పాస్టరు అయ్యగారి భార్య పెట్టిన నియమం. అందుకని తెల్లవారుజామున లేచి పక్కవాళ్ళ పనుల కోసం మోకరించాలి. నెరవేరినదానికి టిక్కు పెట్టి స్తోత్రం చెబుతారు. ఎన్నేళ్ళకూ నెరవేరనిదాని పక్కన 'చిత్తం కాదు' అని రాసి చీటీ మూసేస్తారు. దేవుడికి ఇష్టం లేనిదాని కోసం మొండికేయడం విశ్వాసం కాదని అక్కడ అందరి ఉద్దేశం.

హెప్సిబా చీటీలో రెండు టిక్కులున్నాయి. ఇంటి అరుగు మీద సొంతంగా కుట్టు దుకాణం పెట్టింది, తమ్ముణ్ణి పాలిటెక్నిక్ చదివించింది. మూడోది అట్టాగే ఉండిపోయింది. "మా అమ్మ తనంతట తాను బైబిలు వాక్యం చదువుకోవాలి" అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంటుంది. ఈ పొద్దున ఆరాధన అయ్యాక అమ్మగారు, అంటే ఇప్పటి అయ్యగారి భార్య, సుందరిని పక్కకు పిలిచి, పోయినవాళ్ళ చీటీ పట్టుకుని ఇంకెన్నాళ్ళని మెత్తగా అడిగి, సంఘంలోకి కొత్తగా కోడలిగా వచ్చిన అమ్మాయి జత కోసం ఎదురుచూస్తోందని, నాలుగు గంటల కూడికకు హెప్సిబా చీటీ మూసి తెమ్మని చెప్పారు. రెండు మాటలు రాస్తే అయిపోతుంది. భోజనం చేసి, పెన్ను మూత తీసి, ఆ రెండు మాటలు రాయలేక సుందరి కాసేపు నడుం వాల్చింది. బస్సులోకి ఎట్లా వచ్చిందో ఆమెకు తెలియదు.

"రాశావా?" అంటోంది హెప్సిబా.

"లేదే. అమ్మగారు చెప్పారు గానీ, నిన్నొక మాట అడిగి రాద్దామని," అంటుంది సుందరి. అబద్ధం కలలో కూడా ఇంత తేలిగ్గా వస్తుందా అని ఆమెకే సిగ్గేస్తోంది. మాట మార్చాలని, అక్కడ ఎట్టా ఉందే అని అడుగుతుంది. కుట్టు పనేమీ లేదు, అందుకే ఈ జాకెట్టు వెంట తెచ్చుకున్నానంటుంది హెప్సిబా. అంతకుమించి చెప్పదు, సుందరికి కూడా అంతకుమించి అడగాలనిపించదు.

అంతలో కండక్టరు కాబోలు, ముఖం కనిపించడం లేదు, టికెట్లు చూపించమంటున్నాడు. సుందరి సంచి అంతా వెతుకుతుంది. టికెట్లన్నీ దీనమ్మ పిన్ని పాటల పుస్తకంలో ఉన్నాయని అప్పుడు గుర్తొస్తుంది. దీనమ్మ హెప్సిబా తల్లి, మగ్గాల వాళ్ళకు నూలు కండెలు చుట్టి బతుకుతుంది, చదువు రాదు. ప్రతి ఆదివారం గుడికి రాగానే తన పాటల పుస్తకం సుందరి చేతికిస్తుంది, ఆ రోజు పాడబోయే పాటల దగ్గర సుందరి పాత బస్సు టికెట్లు పెట్టి ఇస్తుంది, పిన్ని ఆ పేజీలు తెరిచి పట్టుకుని అందరితోపాటు కంఠతా వచ్చిన ఆ పాట పాడుతుంది. పుస్తకం పట్టుకోకుండా పాడితే చుట్టుపక్కల వాళ్ళు చూస్తారని ఆమెకు నామోషీ. ఈ సాయం చేస్తున్నందుకు సుందరికి లోలోపల కాస్త తృప్తిగా కూడా ఉండేది, దాన్ని మన దగ్గర దాచనక్కర్లేదు.

"పిన్ని పుస్తకంలో ఉన్నాయి," అని కండక్టరుకు చెబుతుంది. ఆయన సరేనని వెళ్ళిపోతాడు. అదే సరైన జవాబైనట్టు బస్సులో అందరూ తలలూపుతున్నారు. ఆ తలలన్నీ షామియానా కింద ఉన్నాయి, కాళ్ళ కింద ఇసుక ఉంది, ఎక్కడో దగ్గర్లో సముద్రం రొద పెడుతోంది. రామాపురం ఒడ్డున యువజన కూడికల్లో పెళ్ళికాని పిల్లలుగా వాళ్ళిద్దరూ మొదటిసారి జత కట్టిన చోటు అది. అప్పుడు సుందరి రాసింది ఒకటే, ప్రభుత్వ బడిలో టీచరు కావాలని. మిగతా రెండు అంకెలూ వేసి ఖాళీగా వదిలేసింది.

"నీ చీటీ నా దగ్గరుందిగా, పదకొండేళ్ళు ప్రార్థన చేశా," అంటుంది హెప్సిబా.

సుందరి ఒప్పుకుంటుంది. ఉద్యోగం వచ్చిన రోజు సాక్ష్యం చెప్పేటప్పుడు గుడిలో అందరి ముందూ ఆ మాటే చెప్పింది. చెప్పనిది ఇంకొంత ఉంది, అది ఇప్పుడు ఇసుకలో నడుస్తుంటే ఒక్కొక్కటే కాళ్ళకు తగులుతోంది. దరఖాస్తు కాగితం కోసం ఒంగోలు వెళ్ళి ఎండలో వరసలో నిలబడింది హెప్సిబా. పరీక్ష రోజు సుందరి చంటిబిడ్డను ఒళ్ళో వేసుకుని పరీక్ష హాలు బయట వేపచెట్టు కింద మూడు గంటలు కూర్చుంది హెప్సిబా. ఇంటర్వ్యూకు వేసుకెళ్ళిన జాకెట్టు ముందురోజు కూర్చుని కుట్టింది కూడా ఆవిడే. ఇవన్నీ స్నేహం కొద్దీ చేసిన పనులని, ప్రార్థన వేరని సుందరి ఇన్నాళ్ళూ అనుకుంది.

షామియానా పక్కకు తప్పుకుంటే అవతల ఆమె తరగతి గది. ఒకటో తరగతి, నాలుగు వరసల పిల్లలు, పలకల మీద బలపాలు గీసే చప్పుడు. సుందరికి ప్రాణం లేచి వస్తుంది, ఈ చోట తను ఎవరో ఆమెకు బాగా తెలుసు. జిల్లాలో తనకు పేరుంది, ఎంత మొద్దబ్బాయినైనా దసరా సెలవుల్లోగా అక్షరాల్లో పడేస్తుందని. ఒక్కో పలక తీసుకుని దిద్ది ఇస్తూ, ఒకడి చెయ్యి పట్టి రాయించి, ఒకదాని జుట్టు సరిచేసి, వరస వెంట నడుస్తోంది. మూడో వరసలో, చిన్న పీట మీద, మోకాళ్ళు మడవలేక ఒక పక్కకు ఒరిగి దీనమ్మ పిన్ని కూర్చుని ఉంది. ఆవిడ కూడా పలక పైకెత్తి చూపిస్తోంది. సుందరి ఆమె తల మీద చెయ్యి పెట్టి, ఆశీర్వదించినట్టు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, తర్వాతి పిల్లాడి దగ్గరికి వెళ్ళిపోతుంది.

మళ్ళీ ఆ వరసలోకి వస్తుంది. పిన్ని మళ్ళీ పలక ఎత్తుతుంది. సుందరి మళ్ళీ తల మీద చెయ్యి పెడుతుంది. పిల్లలంతా రాసేశారు, బయట గంట కొట్టారు, పిన్ని ఇంకా పలక దించలేదు.

గుమ్మానికి ఆనుకుని హెప్సిబా ఇదంతా చూస్తోంది. "ఏం చేస్తున్నావే?" అంటుంది.

"పిన్ని కోసం ప్రార్థన చేస్తున్నా. ఒక్క రోజు కూడా మానలేదే, ఒట్టు. ఐదింటికే లేచి, ఆ తల్లికి అక్షరాలు దయచెయ్యి ప్రభువా అని ఏడ్చి మరీ అడుగుతున్నా."

"అడిగి?"

"అడిగి..." అంటుంది సుందరి. అడిగి, కన్నీళ్ళు తుడుచుకుని, టిఫిను డబ్బా సర్దుకుని, దీనమ్మ ఇంటి సందు మీదుగానే నడిచి, అక్షరాలు చెప్పడానికి బడికి వెళుతుంది. ఏళ్ళ తరబడి అంతే చేస్తోంది. హెప్సిబా నవ్వడం మొదలుపెడుతుంది, బతికున్నప్పటిలాగే పంటి కింద దారం పట్టుకుని నవ్వుతోంది. ఆ నవ్వులో కోపం లేకపోవడమే సుందరికి తల కొట్టేసినట్టుగా ఉంది.

"ఒకటో తరగతి టీచరమ్మా," అంటుంది హెప్సిబా. "దేవుడు ఇంకెవరిని పంపిస్తాడే? ఆ వీధిలో ఇంకెవరున్నారు?"

సుందరి తన వైపు నుంచి చెప్పుకోవలసింది చెప్పుకుంటుంది. తను అడగకపోలేదు, హెప్సిబా పోయిన నెలకే వెళ్ళి అడిగింది. ఈ వయసులో నాకెందుకమ్మా, కళ్ళు కూడా ఆనటం లేదు, అని పిన్నే కొట్టిపారేసింది. మనిషి కూతుర్ని పోగొట్టుకుని ఉంది, బలవంతం చేస్తే బాగుంటుందా? ఆ తర్వాత ఎన్నికల డ్యూటీలు, బదిలీల గొడవ, పిల్లల పరీక్షలు వచ్చాయి. సమయం దాటిపోయాక ఇక అది దేవుని చిత్తం కాదేమోనని అనిపించడం మొదలైంది. అట్లా అనిపించాక మనసు నెమ్మదించింది కూడా.

హెప్సిబా అంతా వింటుంది. జాకెట్టు మడతపెట్టి సీటు మీద పెడుతుంది, మళ్ళీ వాళ్ళు బస్సులోనే ఉన్నారు. "ఒక్కసారి అడిగావు. బడిలో పిల్లలు రామంటే ఒక్కసారి అడిగి ఊరుకుంటావా? ఇళ్ళకు పోయి చెయ్యి పట్టుకుని లాక్కురావూ?"

"లాక్కొస్తా," అంటుంది సుందరి.

"నేను మొదలుపెట్టానే. మూడు అక్షరాలు చెప్పా. తర్వాత ఒంట్లో బాగోలేక పడిపోతిని. అమ్మ ఆ మూడే మళ్ళీ మళ్ళీ దిద్దుకుంటా కూర్చుంది. తర్వాతది చెప్పేవాళ్ళు లేరుగా."

సుందరికి ఆసుపత్రి మంచం కనిపిస్తోంది, బస్సు సీటే మంచం అయింది. కామెర్లు ముదిరి హెప్సిబా ముఖం పసుపు పూసినట్టు ఉంది. ఆ రోజు ఆమె, అమ్మ సంగతి చూడవే, అని చెయ్యి పట్టుకుంది. చూస్తానని అంటే సరిపోయేది. సుందరి, ప్రార్థన చేస్తాలే, అంది. ఆ మాట అన్నప్పుడు హెప్సిబా చెయ్యి వదిలి అటు తిరిగి పడుకుంది. అలసట అనుకుంది సుందరి. ఇప్పుడు ఆ మంచం అంచు మీద కూర్చుని, ఇంత ఆలస్యంగా, ఆమె బావురుమని ఏడుస్తోంది. తప్పు చేశానే, అని పైకే అంటోంది. హెప్సిబా టేపుతో ఆమె ముంజేతిని ఎందుకో కొలిచి, ఆ కొలతతో పనైపోయినట్టు టేపు చుట్టేస్తుంది.

"ఈ స్టాపులో దిగుతా," అంటుంది. "చీటీ నీ దగ్గరే ఉంచు. మూయాలంటే మూసెయ్, నేనేమనుకోను. కానీ ఆ రెండు మాటలు ప్రభువు అన్నాడని రాయమాక. ఆయన అనలేదు."

బస్సు ఆగుతుంది. బయట ఎవరో బోర్డు చదవలేక నిలబడి ఉన్నారు, ఈ బస్సు ఎక్కడికి పోతదమ్మా అని అడుగుతున్నారు, జవాబు చెప్పడానికి సుందరి కిటికీలోంచి వంగుతుంది.

మంచం మీద ఆమె మోచెయ్యి జారింది. గోడ గడియారం మూడూ ఇరవై చూపిస్తోంది. మూత తీసిన పెన్ను దుప్పటి మీద నీలం మరక చేసింది, చీటీ మీద మాత్రం ఏమీ పడలేదు. చెంపలు తడిగా ఉన్నాయి. ముఖం కడుక్కుని, చీటీ సంచిలో పెట్టబోతే అందులో దీనమ్మ పాటల పుస్తకం కనిపించింది. పొద్దున అమ్మగారు పిలిచిన కంగారులో తనదీ పిన్నిదీ రెండు పుస్తకాలూ కలిపి తెచ్చేసినట్టుంది.

టికెట్లు తీసి సర్దుదామని పుస్తకం తిరగేసింది. ఇన్నేళ్ళుగా ఆమె ఆ పుస్తకంలో పాటల నంబర్లే వెతికింది, చివరి పేజీ ఎప్పుడూ తెరవలేదు, తెరిచినా చూసి ఉండదు. అట్టకు ముందున్న ఆ ఖాళీ పేజీ మీద హెప్సిబా గుండ్రటి చేతిరాతతో పెన్సిలు అక్షరాలు మూడు ఉన్నాయి. అ, ఆ, ఇ. వాటి మీద ఇంకో చెయ్యి, వణికే చెయ్యి, దిద్దుతూ పోయింది. ఎన్నిసార్లు దిద్దిందో, అక్షరాలు లావెక్కి నల్లబడ్డాయి, మొదటి అక్షరం దగ్గర కాగితం చిరిగి వెనక అట్ట కనిపిస్తోంది. వేళ్ళతో తడిమితే పెన్సిలు పొడి అంటుకుంది. నిన్నో మొన్నో దిద్దిన పొడి.



"సుందరమ్మా," అని గేటు దగ్గర దీనమ్మ గొంతు వినిపించింది. "నా పాటల పుస్తకం నీ సంచిలో గానీ వచ్చిందా అమ్మా? కూడికకు టైమవుతోంది."

"వచ్చింది పిన్నీ. లోపలికి రండి, ఒక్క నిమిషం కూర్చోండి," అంది సుందరి. బడి సంచిలోంచి పెన్సిలు తీసి, ఆ మూడింటి పక్కన మిగిలిన కాస్త చోటులో, దిద్దుకోవడానికి వీలుగా, చుక్కలతో నాలుగో అక్షరం పెట్టింది.