ఎనిమిది వేల దగ్గర

నాకు కోపం ఎక్కువ. అబిడ్స్ సందులో ఇరవై ఏడేళ్ళుగా రికార్డింగ్ గది నడిపినవాడికి కోపం రాలేదంటే వాడు సాధువైనా అయివుండాలి, చెవిటివాడైనా అయివుండాలి అని అందరితో అనేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట అనడం మానేశాను.

నా పేరు అమరేశ్వరరావు. మా నాన్న యాభై ఆరులో గుంటూరు నుంచి సెక్రటేరియట్ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నా గది పెద్ద పోస్టాఫీసు వెనక, గడియారాలు బాగుచేసే దుకాణాల పైన, రెండో అంతస్తులో ఉంటుంది. రికార్డు చేయడం ఎవడైనా చేస్తాడు, ఈ రోజుల్లో ఫోనే చేస్తుంది. నాకు పేరొచ్చింది మాస్టరింగ్ వల్ల. పాడింది పాడినట్టు బయటికి పంపకూడదు. హెచ్చుతగ్గులు సరిచేసి, మసక ఉంటే తుడిచి, కారులో విన్నా ఫోనులో విన్నా నిండుగా ఉండేట్టు ఆఖరి మెరుగు పెట్టాలి. అందుకు నా దగ్గర ఒక డిజిటల్ ప్రాసెసర్ ఉంది. నల్లటి డబ్బా, ముందు ఆరు నాబులు, శబ్దం ఎంతుందో చూపే ఒక ఆకుపచ్చ మీటరు. దాన్ని ఇంకొకరిని ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు.

ఇంకో పద్ధతి కూడా ఉంది నాకు. మెరుగు పెట్టింది పార్టీ చేతికి ఇవ్వగానే అసలు రికార్డింగు చెరిపేస్తాను. టేపుల రోజుల్లో మా గురువు నేర్పిన పద్ధతి ఇది. టేపు ఖరీదని ఆయన చెరిపేవాడు. కంప్యూటర్ వచ్చాక ఆ అవసరం లేదు, అయినా నేను మానలేదు. అసలుది ఉందని తెలిస్తే పార్టీ పదిసార్లు మెట్లెక్కి వచ్చి అటు మార్చు, ఇటు మార్చు అని ప్రాణం తోడేస్తాడు.

శ్రీవిద్య కాచిగూడలో పిల్లలకు సంగీతం చెప్పేది. ఆమె భర్త శ్రీహరికి నాంపల్లి కోర్టుల దగ్గర టైపింగు, జిరాక్సు దుకాణం. జూన్‌లో ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు. ఆమెకు గొంతులో గడ్డ. స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు డాక్టర్లు. ఆపరేషన్‌కు తొమ్మిది రోజులుంది.

"గీ తొమ్మిది రోజుల్ల ఎన్ని పాడితే అన్ని రికార్డు చేయుండ్రి సార్," అన్నాడు శ్రీహరి. "తర్వాత ఇంక లేదు."

ఎనిమిది కీర్తనలు పాడింది. మధ్యలో నొప్పికి ఆగి, వేణ్ణీళ్ళు తాగి, మళ్ళీ ఎత్తుకునేది. దాచడం ఎందుకు, మూడో రోజు నాకు ఏడుపొచ్చింది. కానీ ఆ గొంతు మీద ఏదో సన్నటి మసక ఉన్నట్టు తోచింది. అప్పటికి రెండేళ్ళుగా అందరి గొంతులూ నాకు అలాగే ఉంటున్నాయి. ఈ కొత్త మైకులన్నీ నాసిరకం అని తిట్టుకునేవాణ్ణి. ఆమె దవాఖానలో ఉన్న వారంలో కూర్చుని, సన్నటి శబ్దాలను పెంచే ట్రెబుల్ నాబు తిప్పాను. చాలలేదు. ఇంకా తిప్పాను. చివరికి గొంతు తళతళలాడింది. పెన్‌డ్రైవ్‌లో వేసి శ్రీహరి చేతికిచ్చి, పద్ధతి ప్రకారం అసలుది చెరిపేశాను.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం ఇద్దరూ మళ్ళీ వచ్చారు. ఆమె మెడ చుట్టూ తెల్లటి గుడ్డ, చేతిలో చిన్న నోట్‌బుక్కు ఉన్నాయి. మెట్లెక్కిన ఆయాసానికి గుడ్డ కింద, ఊపిరికని మెడకు పెట్టిన రంధ్రంలో గాలి చప్పుడవుతోంది.

"సార్, జర గుస్సా గాకుండ్రి," అన్నాడు శ్రీహరి. "పాటల్ల 'స' అచ్చినకాడల్లా చెవుల సూది గుచ్చినట్టుంటుంది. ఈమె ఒక్క పాట గూడ నిండుగ ఇనలే."

"మీ స్పీకర్లు ఎక్కడివి?"

"బిడ్డ కొనిచ్చింది. మంచియే సార్."

"మంచివే! ఇరవై ఏడేళ్ళలో నా పనికి వంక పెట్టినవాడు లేడు. ఇంట్లో డబ్బా స్పీకర్లు పెట్టుకుని నా మీదికి వస్తారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ వరస!"

అనేశాక తెలిసింది, ఎవరి ముందు అన్నానో. నాలుక కరుచుకున్నాను. శ్రీవిద్య నోట్‌బుక్కు తెరవబోయి మళ్ళీ మూసేసింది.

"సంభాళించి మాట్లాడుండ్రి సార్," అన్నాడు శ్రీహరి. గొంతు పెంచలేదు.

అప్పుడే క్షమించమని అడగాల్సింది. అడగలేదు. నా పని తప్పు కాదని చూపించాలన్న పట్టుదలే నెత్తికెక్కింది. ఆ ప్రాసెసర్‌లో స్పీకర్లను పరీక్షించడానికి ఒక్కో శ్రుతినీ విడిగా పలికించే ఏర్పాటు ఉంది. "వినండి, నా స్పీకర్లు ఎంత శుభ్రంగా పలుకుతాయో," అని మొదలుపెట్టాను. హెర్ట్జ్ అంకె పెరిగేకొద్దీ కూత సన్నబడుతుంది. వెయ్యి దగ్గర బ్రహ్మాండంగా పలికింది. నాలుగు వేల దగ్గర సరే. ఆరు వేల దగ్గర ఎక్కడో దూరంగా ఉన్నట్టుంది. ఎనిమిది వేల దగ్గర ఏమీ లేదు.

మీటరు చూస్తే నిండా వెలుగుతోంది. వాల్యూమ్ పెంచాను. లేదు. ఇంకా పెంచాను. "ఓహో, ఈ డబ్బానే పాడైందన్నమాట," అంటూ వెనక్కి తిరిగాను.

శ్రీవిద్య రెండు చెవులూ మూసుకుని ముందుకు వంగిపోయింది.

"బంద్ చేయుండ్రి సార్!" శ్రీహరి అరుస్తున్నాడు. "చెవులు పగుల్తున్నయ్!"

ఆపాను. ఆగిందని కూడా మీటరు చూసే తెలుసుకున్నాను.

"ఏం వినిపించింది?" అని అడిగాను.

"ఏం వినిపించిందా? గంత పెద్ద విజిలు! మీకు ఇనబడలే?"

చాలా చిన్నగా పెట్టి మళ్ళీ నొక్కాను. ఈసారి మీటరు చూడలేదు, వాళ్ళ ముఖాలు చూశాను. ఇద్దరూ కనుబొమలు ముడిచారు. నాకు కింద రోడ్డు మీది ఆటోల రొద తప్ప ఏమీ లేదు.

శ్రీవిద్య నోట్‌బుక్కులో రాసి చూపించింది. 'ఎప్పటినుంచి?'

"తెలీదమ్మా," అన్నాను. నిజంగానే తెలీదు. రెండేళ్ళుగా నేను మసక అనుకున్నది నా చెవుల్లోనే ఉంది. ఉప్పు తెలియని నాలుకతో వండినవాడిలా, నాకు వినబడేదాకా ఆమె గొంతులో ట్రెబుల్ పోశాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

శ్రీహరి నా భుజం మీద చెయ్యి వేశాడు. "వయసు సార్, ఎవ్వరికైనా అయితది. ఫికర్ గాకుండ్రి. అసలు రికార్డింగు తీసి మళ్ళ చేస్తే అయిపాయె."

ఆ చెయ్యి అలా ఉండగానే చెప్పాల్సి వచ్చింది. "అసలుది లేదు శ్రీహరిగారూ. చెరిపేశాను."

"చెరిపేసిన్రా? ఎందుకు?"

గురువు, టేపులు, పద్ధతి, అన్నీ చెప్పాను. చెప్తుంటే నాకే అసహ్యమేసింది. అతను చెయ్యి తీసేశాడు.

"అది టేపు గాదు సార్," అన్నాడు. "ఆమె గొంతు."

అవతల నాంపల్లి స్టేషన్లో రైలు కూతవేసింది. అది నాకు వినిపించింది. శ్రీవిద్య కుర్చీ దగ్గరికి లాక్కుని రాసింది. 'ఉన్నదాన్నే తగ్గించండి. ఎక్కడ ఆపాలో నేను చెప్తాను.'

నేనిచ్చిన పెన్‌డ్రైవ్‌ వాళ్ళ దగ్గరే తీసుకుని మొదటి కీర్తన పెట్టాను. 'స' వచ్చిన ప్రతిసారీ ఆమె రెప్పలు అదిరేవి. నేను నాబు కొంచెం వెనక్కి తిప్పేవాణ్ణి. మళ్ళీ అదిరేవి, మళ్ళీ తిప్పేవాణ్ణి. నేను మోతాదు మించి పెంచినచోట్ల శబ్దం చిట్లిపోయింది. చిట్లింది అతకదు. అది వినబడకుండా ఉండాలంటే దాంతోపాటు గొంతులోని వెలుగు కూడా తగ్గించాలి. ఎనిమిది కీర్తనలకు మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ నేను పాట వినలేదు, ఆమె కళ్ళే చూశాను.

చివరికి రెప్పలు అదరడం ఆగింది.

"గుచ్చుతలే," అన్నాడు శ్రీహరి నేల చూస్తూ. "గానీ తలుపేసిన అర్రల పాడినట్టున్నది సార్. గిది శ్రీవిద్య గొంతు లెక్క లేదు."

ఆమెను అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆమే రాసింది. మెల్లగా, పిల్లలకు పాఠం రాసిచ్చినట్టు గుండ్రంగా రాసి నోట్‌బుక్కు నా వైపు తిప్పింది.

'ఇది నేను కాదు. అయినా ఇదే ఇవ్వండి. ఇంకొకటి లేదు కదా.'